తాటిపండు, పాలగ్లాసు: కుండలినీ కథలను చదవడం గురించి

1949 ఆగస్టు 7న ద్రాక్షారామం దగ్గర ఆదివారపుపేటలో సత్యరాజు అనే పద్నాలుగేళ్ళ చేనేత కుర్రాడు తోటి పిల్లలతో కాలవలో స్నానానికి దిగాడు. గట్టు మీద తాటిపండ్లు దొరికితే తలా ఒకటి తీసుకున్నారు. సత్యరాజు తన పండుని పిండుతుంటే చేతులు వణికాయట, పండులోంచి వెలుగు వచ్చిందట. ఆ పండే లింగమై, రెండుగా చీలి, జటలు కట్టిన ఒక జంగమదేవర ఎదురుగా నిలబడ్డాడట. ఆయన ఆ కుర్రాణ్ణి చెట్టు కింద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, కనుబొమల మధ్య తాకాడు. అక్కడ మొదలైన తపస్సు పన్నెండేళ్ళు సాగింది. ఆ కుర్రాడే శివబాలయోగి. 1961లో, మళ్ళీ ఆగస్టు 7నే, తపస్సు ముగించి లేచాడు. 1994లో కాకినాడలో దేహం చాలించాడు.

మా వైపు ఈ కథ వినని ఇల్లు తక్కువ. ముమ్మిడివరం బాలయోగి కథ కూడా అంతే. ఏడాదికోసారి శివరాత్రికి తలుపులు తెరిస్తే ఆయన్ని చూడడానికి జనం ఎలా విరగబడేవారో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఇంకో మాట. ఆగస్టు మొదటివారం అంటే మా ఊళ్ళల్లో తాటిపండ్లు రాలే రోజులే. అద్భుతం సంగతి ఎలా ఉన్నా, కథలో పండు మాత్రం సరైన నెలలోనే పడింది.

నేను మాట్లాడదలుచుకున్నది ఆ లింగం నిజమా కాదా అని కాదు. ఇలాంటి కథల్ని మనం రాసే పద్ధతి గురించీ, చదివే పద్ధతి గురించీ. ఎందుకంటే కుండలిని పేరుతో ఇవాళ ఫోన్లలో తిరిగేదాంట్లో ఎక్కువ భాగం ఈ జీవితచరిత్రల నుంచి పీకిన ముక్కలే: ఇన్ని గంటలు కూర్చున్నాడు, ఇంతే తిన్నాడు, వెన్నులో ఇలా పాకింది. ఆ ముక్కల్ని పట్టుకుని ఇరవై ఆరేళ్ళ కుర్రాడెవడో అమీర్‌పేట హాస్టల్ గదిలో ఊపిరి బిగపట్టి కూర్చుంటాడు.

శివబాలయోగి కథలో నన్ను ఆపేది వేరే. ఆ కుర్రాడు ఏమీ అడగలేదు. కాలవకి వెళ్ళింది స్నానానికి, చేతిలోకి తీసుకుంది తినడానికి. తపస్సు చేద్దామని కానీ, శక్తులు కావాలని కానీ అనుకోలేదు. అడగకుండా మీద పడ్డ అనుభవాన్ని, అడిగి తెచ్చుకునేవాడికి పాఠ్యపుస్తకంగా ఇవ్వడంలోనే ఏదో తేడా ఉంది. మొదటి ఎనిమిదేళ్ళు రోజుకి ఇరవై మూడు గంటలు, తర్వాత నాలుగేళ్ళు పన్నెండు గంటలు అని చదవగానే మనకి అది టైమ్‌టేబుల్ లాగా కనిపిస్తుంది. అక్కడున్నది టైమ్‌టేబుల్ కాదు, జరిగిపోయిన సంగతి. గమనించారో లేదో, తర్వాత ఆయన వేలమందికి ఇచ్చిన దీక్షలో చక్రాల వర్ణన లేదు. కళ్ళు మూసుకో, దృష్టిని కనుబొమల మధ్య ఉంచు, ఏదీ ఊహించుకోకు, ఒక గంట కూర్చో. అంతే. ఇరవై మూడు గంటలు కూర్చున్నవాడు మనల్ని ఒక గంట చాలన్నాడు.

ఆ పన్నెండేళ్ళలో ఆయన ఒంటికి జరిగినవి చిన్నవి కావు. కాళ్ళూ చేతులూ బిగిసిపోయాయి. పాము కాటేసింది. ఊళ్ళో ఆకతాయిలు వేధించారు. ఆ బాధ పడలేక శ్మశానంలోకి వెళ్ళి కూర్చోవలసి వచ్చింది. భక్తులు రాసిన చరిత్రల్లో వీటన్నిటికీ ఒకటే పేరు: పరీక్ష. విమర్శకుడిగా నా అభ్యంతరమంతా ఈ ఒక్క మాట మీదే. ప్రతి గాయమూ పరీక్షే అయితే, ఆగు అని చెప్పే గుర్తు ఇంకేం మిగిలింది? నిద్ర పట్టకపోతే పరీక్ష, తిండి సయించకపోతే పరీక్ష, చెవిలో ఎవరో మాట్లాడుతుంటే అది మరీ పెద్ద పరీక్ష. మా పనిలో సిస్టమ్ పంపే ప్రతి అలర్ట్‌నీ "మామూలే" అని మ్యూట్ చేసేవాడి చేతికి ఆన్‌కాల్ అప్పగించరు. ఈ పుస్తకాలు పాఠకుడికి నేర్పేది సరిగ్గా ఆ మ్యూట్ చెయ్యడమే.

హఠయోగ గ్రంథాలైతే ఇంత మొండిగా లేవు. పదిహేనో శతాబ్దపు స్వాత్మారాముడి హఠయోగప్రదీపిక ప్రాణాన్ని సింహంతో, ఏనుగుతో, పులితో పోల్చి, మెల్లమెల్లగా మచ్చిక చేసుకోకపోతే సాధకుణ్ణే చంపుతుందని హెచ్చరిస్తుంది. తప్పుగా చేస్తే వచ్చే ఎక్కిళ్ళు, ఉబ్బసం, దగ్గు, తలనొప్పి లాంటి వాటిని పేరుపేరునా చెబుతుంది. పాత శాస్త్రం జబ్బుని జబ్బు అంది. పరీక్ష అనే మాట మన జీవితచరిత్రల సొంత తయారీ.

ఇక్కడే గోపీకృష్ణ పుస్తకం పక్కన పెట్టి చదవాలి. 1967లో ఇంగ్లీషులో వచ్చింది. కశ్మీరీ గుమాస్తా. కుర్రతనంలో పరీక్ష తప్పి, ఆ సిగ్గుతో మనసుని లొంగదీసుకోవాలని ధ్యానం మొదలుపెట్టాడు. పదిహేడేళ్ళు గురువు లేకుండా చేశాడు. 1937 క్రిస్మస్ రోజుల్లో, జమ్మూలో ఒక తెల్లవారుజామున, వెన్ను గుండా తలలోకి వెలుగు జలపాతంలా వచ్చిపడింది. ఆ తర్వాత రాసింది ఆనందం గురించి కాదు. ఒళ్ళంతా మంట, నిద్ర లేదు, అన్నం చూస్తే వెగటు, భార్యాబిడ్డల మీద ప్రేమ ఎండిపోవడం, పిచ్చెక్కుతుందన్న భయం. శక్తి సుషుమ్నలోంచి కాకుండా పింగళలోంచి ఎక్కిందని ఆయన అనుమానం. చావు అంచున ఇడలోంచి చల్లదనం ఎక్కుతున్నట్టు ఊహించుకుని గట్టెక్కానంటాడు. ఆ వివరణ నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి వేళ తప్పకుండా ఎలా తిన్నాడో, ఒక్కపూట తప్పితే ఏమయ్యేదో రాసిన పేజీలు ఏ స్తోత్రం కన్నా విలువైనవి. అందులో నొప్పి నొప్పిగానే ఉంది. (అదే మనిషి తర్వాతి పుస్తకాల్లో కుండలినితోనే మానవజాతి పరిణామం, మేధావులు పుట్టడం అంటూ సిద్ధాంతాలు కట్టాడు. అవి నాకు ఎక్కలేదు. లాగ్ రాసిన చేత్తోనే బ్రోషర్ రాసినట్టుంది.)

నాకు తెలిసిన ఒక కుర్రాడు, నాతో గది పంచుకున్నవాడు, వీడియోలు చూసి తెల్లవారుజామున కుంభకం చేసేవాడు. మూడోవారానికి నిద్ర పోయింది. అయిదోవారానికి ఆఫీసులో అందరి ఆలోచనలూ వినిపిస్తున్నాయన్నాడు. ఒక పెద్దాయన్ని అడిగితే మేల్కొంటోంది, ఆపకు అన్నారు. వాళ్ళమ్మ మాత్రం బస్సెక్కి వచ్చి, సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళి, మందులేయించి, దగ్గర కూర్చుని అన్నం తినిపించింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. అమెరికన్ సైకియాట్రీ వాళ్ళు 1994లో తమ నిర్ణయ గ్రంథంలో మతపరమైన, ఆధ్యాత్మిక సమస్యలకి విడిగా చోటిచ్చారు. అలాంటి అనుభవాలన్నీ జబ్బులు కావని వాళ్ళే ఒప్పుకున్నారన్నమాట. అన్నీ జబ్బులు కావు అంటే ఏదీ జబ్బు కాదని కాదు. ఏది ఏదో తేల్చేదాకా నిద్ర, తిండి, డాక్టరు ఆగవు.

ఇక ఎందుకు చెయ్యాలి అన్న ప్రశ్న. దీనికి తెలుగులో అందరికన్నా పెద్ద ఉదాహరణ కావ్యకంఠ గణపతిముని. 1900లో నవద్వీపంలో బిరుదు పొందిన పండితుడు. 1907లో అరుణాచలం కొండ మీద బ్రాహ్మణస్వామి పాదాల దగ్గర కూలబడి, తర్వాత ఆయనకి రమణమహర్షి అని పేరు పెట్టినవాడు. 1922లో ఆయనకి కపాలభేదం జరిగిందని శిష్యుల రాతలు. తట్టుకోలేని తాపంతో రమణుల దగ్గరికి వెళితే ఆయన తల మీద చెయ్యి పెట్టారని చెబుతారు. అంతటి అనుభవం తర్వాత కూడా ఆయన అడిగినవి చూడండి: దేశానికి స్వాతంత్ర్యం, వేదధర్మానికి పునరుద్ధరణ, అస్పృశ్యత పోవడం. సిద్ధుల కోసం కాదు, సొంతానికి కాదు. ఇంతకన్నా మంచి ఉద్దేశం ఏముంటుంది?

అయినా 1936లో ఆయన పోయాక, ఆయనకి సాక్షాత్కారం అయిందా అని అడిగితే రమణులు ఒప్పుకోలేదని, ఆయన సంకల్పాలు అంత బలమైనవన్నారని రమణాశ్రమ సాహిత్యంలో ఉంది. ఎంతో ప్రేమగా నాయనా అని పిలుచుకున్న మనిషి గురించి అన్నమాట అది. మంచి ఉద్దేశం, చెడ్డ ఉద్దేశం అని మనం గీసుకునే గీతకి అవతల రమణులు ఇంకో గీత గీశారు. నాకది మింగుడుపడదు. స్వాతంత్ర్యం కోరుకోవడమే అడ్డం అయితే, ఆ సాక్షాత్కారం ఎవరికి కావాలి అనిపిస్తుంది. నాయన పక్షాన నిలబడాలనిపిస్తుంది. కానీ ప్రమోషన్ కోసం, ఏకాగ్రత కోసం, పక్కవాడి కన్నా ముందుండడం కోసం కుండలిని లేపుతామనేవాళ్ళ ప్రకటన చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. నాయన కోరికలకే ఆ తీర్పు అయితే, వీటి సంగతేంటి?

గుడివాడలో పెరిగిన యూజీ కృష్ణమూర్తి అయితే ఈ గొడవంతా కొట్టిపారేశాడు. 1967లో స్విట్జర్లాండులోని సానెన్‌లో, నలభై తొమ్మిదేళ్ళు నిండిన రోజుల్లో, తన ఒంట్లో జరిగిన మార్పుల్ని ఆయన విపత్తు అన్నాడు. వెతికినందువల్ల కాదు, వెతికినా జరిగింది అన్న ధోరణి. ఆయన వెక్కిరింత చదవడానికి బాగుంటుంది కానీ, మంట పుట్టినవాడికి పనికిరాదు.

వీళ్ళ కథలన్నీ ఒకచోట పెడితే ఇంకోటి కనిపిస్తుంది. బతికి బయటపడ్డవాళ్ళకే జీవితచరిత్రలు ఉంటాయి. దారిలో పోయినవాళ్ళకి శిష్యులుండరు, పుస్తకమూ ఉండదు. బతికిన ప్రతి కథలోనూ మూలన ఒక ఆడమనిషి ఉంటుంది. గోపీకృష్ణకి వేళకి పెట్టిన భార్య. ఆదివారపుపేటలో, భర్త పోయాక మగ్గం మీద నెట్టుకొచ్చిన ఇంట్లో, చేతికందొచ్చిన కొడుకు శ్మశానంలో కూర్చుంటే అతనికి గ్లాసుడు పాలు అందేలా చూసిన తల్లి పార్వతమ్మ. చరిత్రలో ఆమెకి దక్కేది ఏడ్చిందని రెండు వాక్యాలు, పాలు తెచ్చిందని ఒక వాక్యం. కొడుకు లేని ఆ పన్నెండేళ్ళు ఇంట్లో మగ్గం ఎవరు నేశారో, నూలు అప్పు ఎవరు తీర్చారో ఆ పుస్తకాల్లో వెతుకుతూనే ఉన్నాను.