ఉత్తుత్తి మోత ఎక్కడినుంచి?

1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా ఒకటి ఒంట్లోనే ఉండిపోయింది. అది ఎక్కడుందో వైద్యులకు అంతుబట్టలేదు. ఎక్స్‌రే రావడానికి ఇంకా పద్నాలుగేళ్లుంది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తీగచుట్లతో ఒక పరికరం తయారుచేసి తెచ్చాడు. లోహం దగ్గరకు వస్తే చెవికి మోత వినిపించాలి. మొదటిసారి అది ఊరికే గరగరమంది; కండెన్సర్‌ను సరిగా కలపలేదని తర్వాత తేలింది. దాన్ని సరిదిద్ది ఆగస్టు 1న మళ్లీ వెతికితే మోత వచ్చింది గానీ, ఒక బిందువు దగ్గర కాకుండా కొంత మేర అంతటా సన్నగా వచ్చింది. రోగి పడుకున్న పరుపు కింద ఉక్కుతీగల అల్లికతో మరో పరుపు ఉందన్న సంగతి బెల్‌కు ఆ తర్వాతే తెలిసింది. చాలామంది తప్పు దానిమీదే వేస్తారు. బెల్ మాత్రం అలాంటి పరుపునే తెప్పించి పరీక్షించి, దానివల్ల అంత తేడా రాదనుకున్నాడు. అన్నిటికంటే పెద్ద అడ్డంకి వేరే ఉంది. తూటా కుడివైపే ఉందని నమ్మిన ప్రధాన వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ కన్నుమూశాక శరీరం కోసి చూస్తే తూటా వెన్నెముకకు ఎడమపక్కన ఉంది.

ఇవాళ మెటల్ డిటెక్టర్ కొని పొలంలో అడుగుపెట్టేవారిని వేధించే ఉత్తుత్తి మోతల మూలాలన్నీ ఆ మంచం చుట్టూ అప్పుడే కనిపించాయి. పరికరంలో లోపం, పరిసరాల్లోని లోహం, వెతికేవారి మనసులో ముందే స్థిరపడిన ఊహ. కొత్తవారికి చివరిది తట్టదు. అక్కర్లేని మోత రాగానే దాన్ని నోరుమూయించాలని చూస్తారు. ఇనుమును తోసిపుచ్చే డిస్క్రిమినేషన్ మీట పెంచేస్తారు. లేదా లోతుగా వినాలన్న ఆశతో సెన్సిటివిటీని చివరిదాకా తిప్పి, గోల ఎక్కువైందని యంత్రాన్ని తిడతారు. ఈ విద్యలో ఆరితేరినవారు మోతను ఆపే ముందు అది ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకుంటారు. ఈ వరస ఎందుకు ముఖ్యమో యంత్రం పనిచేసే తీరులోనే ఉంది.

డిటెక్టర్ కడ్డీ చివర ఉండే కాయిల్‌లోని ఒక తీగచుట్ట సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. దాని ప్రభావంతో అక్కడున్న లోహంలో సుడి విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు మళ్లీ తనదైన చిన్న క్షేత్రాన్ని వెనక్కి పంపుతుంది. రెండో తీగచుట్ట దాన్ని అందుకుని, వెళ్లినదానికీ వచ్చినదానికీ మధ్య ఎంత జాప్యముందో కొలుస్తుంది. వెండికి ఒక జాప్యం, ఇనుముకు మరొకటి. తెరమీద కనిపించే అంకెకు ఆధారం ఇదే. నాణెం, ఉంగరం, మేకు అనే మాటలు యంత్రానికి తెలియవు. విద్యుత్తును పారనిచ్చే గుణం, అయస్కాంతానికి లొంగే గుణం మాత్రమే దానికి తెలుసు. ఇంగ్లండ్ పొలాల్లో దొరికే కోక్ బొగ్గు ముక్క లోహం కాకపోయినా విద్యుత్తును పారనిస్తుంది కాబట్టి పలుకుతుంది. సముద్రపు తడి ఇసుక ఉప్పు వల్ల పలుకుతుంది. మాగ్నటైట్ ఉన్న రాయి కూడా అంతే. అవి ఉత్తుత్తివని అనేది మనం, మనకు కావలసింది నాణెం గనక.

మోత ఎక్కడిదో తేల్చే పరీక్ష కాయిల్‌ను కదపకుండా పట్టుకోవడంతో మొదలుకావాలి. కదలిక లేకుండానే చిటపటలాడుతుంటే ఆ మోత నేలది కాదు. పైన కరెంటు తీగలో, జేబులో మొబైలో, పక్కన మరొకరి డిటెక్టరో కారణం. పశువుల కోసం కట్టిన విద్యుత్ కంచె అయితే ఒకే తాళంలో టక్ టక్‌మంటుంది, గుర్తుపట్టడం తేలిక. పౌనఃపున్యం మార్చడం, సెన్సిటివిటీ కొంచెం తగ్గించడం, నాలుగడుగులు పక్కకు జరగడం సాధారణంగా సరిపోతాయి. గోల మధ్య పెంచిన సెన్సిటివిటీతో లోతు పెరగదు, గోలే పెరుగుతుంది. కదిపినప్పుడు మాత్రమే మోత వస్తుంటే కాయిల్‌ను చూడాలి. కడ్డీకి వదులుగా చుట్టిన తీగ ఊగుతోందా, అడుగు తొడుగులో తడిమన్ను చేరిందా, కోసిన పైరు మొదళ్లకు కాయిల్ తగులుతోందా? బూట్ల ఇనుప కొనలు, చేతిలోని పార కూడా ఎన్నోసార్లు నిధిలా మోగుతాయి. ఇవేవీ కాకపోతే నేల వంతు. లోహం లేదని తేలిన జాగాలో కాయిల్‌ను కొద్ది ఎత్తులో పైకీ కిందకీ ఆడిస్తూ మోత సమంగా ఉండేదాకా సరిచేయడమే గ్రౌండ్ బ్యాలెన్స్. నేల మారినప్పుడల్లా మళ్లీ చేయాలి. ఒకసారికి ఒకే మార్పు చేయడం ఇక్కడ నియమం. మూడు మీటలు ఒకేసారి తిప్పినవారికి గోల ఆగినా, ఏది ఆపిందో తెలియదు.

ఇక ఇనుము. అసలు చిక్కంతా దీనితోనే. మామూలు మేకు తక్కువ అంకె చూపి బొంగురుగా పలుకుతుంది. వంగిన మేకు, వాషర్, గొలుసు కడియం, వెడల్పాటి రేకు ముక్క అలా కాదు. చదునుగానో గుండ్రంగానో ఉన్న ఇనుములో సుడి విద్యుత్తు బలంగా తిరిగి, దాని అయస్కాంత గుణాన్ని మించిపోతుంది. అందుకే తుప్పుపట్టిన వాషర్ వెండి అంత గొప్పగా మోగుతుంది. దీనికి పాత విరుగుడు, నిలబడ్డ చోటనుంచి తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపడం. నాణెం ఏ దిక్కునుంచైనా దాదాపు ఒకేలా పలుకుతుంది. మేకు ఒక దిక్కున తియ్యగా, మరో దిక్కున ముక్కలుముక్కలుగా పలుకుతుంది. తియ్యని మోత వచ్చిన చోటూ, పిన్‌పాయింట్ మీట నొక్కితే చూపే చోటూ వేరైతే అది మేకు కొననుంచి వచ్చిందన్న అనుమానం బలపడుతుంది. కానీ ఈ సూత్రాన్ని గుడ్డిగా పాటిస్తే నష్టమే. మేకు పక్కనే పడి ఉన్న నాణెమూ, నిలువుగా దిగబడిన నాణెమూ ఒకే దిక్కున పలుకుతాయి. అప్పుడు చిన్న కాయిల్‌తో, చిన్న చిన్న ఊపులతో రెండిటినీ విడదీసి వినాలి. తోసిపుచ్చడం పనికిరాదు.

తోసిపుచ్చితే ఏం పోతుందో యుద్ధభూములు చూపుతాయి. యార్క్‌షైర్‌లోని టౌటన్‌లో 1461లో ఇంగ్లండ్ చరిత్రలోనే అతి రక్తసిక్తమైనదిగా చెప్పే యుద్ధం జరిగింది. అది బాణాలు కురిసిన యుద్ధం, బాణపు మొనలు ఇనుపవి. డిస్క్రిమినేషన్ పెంచుకుని ఆ పొలంలో ఎన్నేళ్లు నడిచినా అవి వినపడవు. ఇనుమును విన్నవారికే ఆ మొనలు దొరికాయి. అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర 1983లో గడ్డి తగలబడి నేల బయటపడితే, 1984, 1985లలో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు శాస్త్రజ్ఞులు డిటెక్టర్లు పట్టిన స్వచ్ఛంద సేవకులను వరసలో నడిపించారు. దొరికిన ప్రతి తూటా, ప్రతి ఖాళీ తొడుగు ఉన్న చోటును నమోదు చేశారు. తొడుగు మీద తుపాకీ చేసిన గుర్తును బట్టి ఒక్కొక్క తుపాకీ 1876లో అక్కడ జరిగిన యుద్ధంలో ఎక్కడినుంచి ఎక్కడికి కదిలిందో గీయగలిగారు. నిధుల వేటగాడు విసిరిపారేసే చెత్తే అక్కడ చరిత్ర అయింది.

ఈ తిప్పలన్నీ పాత యంత్రాలవి, ఇప్పుడొచ్చే బహుళ పౌనఃపున్య యంత్రాలు వాటంతటవే సరిచేసుకుంటాయి అనే మాట తరచు వినిపిస్తుంది. సగం నిజమే. తడి ఇసుక మీద అవి చూపే నిలకడ పాతవాటికి లేదు. అయినా సన్నని బంగారు ఉంగరమూ, కూల్‌డ్రింక్ డబ్బా మూతకుండే అల్యూమినియం రింగూ దగ్గరదగ్గర అంకెలే చూపుతాయి. ఆ పోలిక భౌతికశాస్త్రానిది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా చెరపలేదు. మోగిన ప్రతిదాన్నీ తవ్విపారేస్తే పోలేదా అనేవారూ ఉన్నారు. మొదటి కొన్నాళ్లు అది మంచి బడే, చెవి అలాగే తయారవుతుంది. కానీ ప్రతి గుంట ఒకరి పొలంలో, ఒకరి పచ్చికలో గుంట. కంచె తీగ పలికిన చోట తవ్వడంలో నేర్చుకునేది కూడా ఏమీ లేదు.

పురావస్తు శాస్త్రజ్ఞుల అభ్యంతరం వీటికన్నా బరువైంది. వస్తువును అది ఉన్న పొరలోంచి పీకేస్తే దానితోపాటు కాలమూ, పక్కనున్న వస్తువులతో సంబంధమూ పోతాయి అని వారంటారు. దీన్ని కొట్టిపారేయలేం. అయితే నాగలి ఎప్పుడో కలగాపులగం చేసిన పైమట్టికి ఈ మాట అంతగా వర్తించదు. మిగతా చోట్ల ఎలా ఉండాలో చూపింది సఫోక్‌లోని హాక్స్‌న్ సంఘటన. 1992 నవంబరులో ఎరిక్ లాస్ అనే ఆయన తప్పిపోయిన సుత్తి కోసం వెతుకుతూ రోమన్ నాణేల మీద పడ్డాడు. కొన్ని చేతికందగానే తవ్వడం ఆపి అధికారులకు కబురు పెట్టాడు. నిపుణులు వచ్చి తీయడం వల్ల సుమారు 15,000 నాణేలతోపాటు, వాటిని పెట్టెలో ఎలా సర్దారో కూడా తెలిసింది. సుత్తీ దొరికింది, అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. 1997లో ఇంగ్లండ్‌లో మొదలైన పురావస్తు నమోదు పథకంలో సామాన్యులు చూపించిన వస్తువులు పది లక్షలు ఎప్పుడో దాటాయి, వాటిలో అధికభాగం డిటెక్టర్లకు దొరికినవే. ఈ అలవాటుకు విలువ ఉందంటే ఆ నమోదు వల్లనే, బంగారం వల్ల కాదు.

తెలుగునాట ఇలాంటి ఏర్పాటు లేదు. డిటెక్టర్ అంటే ఇక్కడ గుడి ద్వారం, విమానాశ్రయం, బాంబు తనిఖీ. లేదంటే గుప్తనిధుల పేరిట పాత గుళ్లు తవ్వే ముఠాల చేతిలో పట్టుబడ్డ పరికరం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేకుండా తవ్వడమే నేరం. కాబట్టి ఇక్కడి ఆసక్తిపరులు చెవిని తయారుచేసుకోవలసిన చోటు సొంత పెరడు. మేకు, సోడామూత, సిగరెట్ పెట్టె రేకు, నాణేలు వేర్వేరు లోతుల్లో పాతిపెట్టి, ఏది ఎక్కడుందో రాసుకుని వినడం. ఇక్కడ విదేశీ యంత్రంతో వచ్చిన అంకెల పట్టిక పనికిరాదు. నల్లరేగడి బసాల్టు నేలలో, నల్ల ఖనిజపు ఇసుక పేరుకున్న భీమిలి తీరంలో గ్రౌండ్ బ్యాలెన్స్ వేరు. మన నాణేలూ వేరు. 1990ల నుంచి వచ్చిన స్టీలు రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇనుమును తోసిపుచ్చమని అమర్చిన డిటెక్టర్ దాన్ని మేకు జట్టులో చేర్చవచ్చు, బిళ్ల చదునుగా ఉంది కనుక వెండి అంకెకు ఎగబాకనూ వచ్చు.