ఎండలో కెమేరా తెర

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో ఏటేట మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర జరుగును. 2016 వరకు ఈ ఊరు నల్లగొండ జిల్లాలోనిది. జాతరలోని ఎద్దుల పందెములు చూచుటకు దూరపు ఊళ్లనుండియు జనము వచ్చుదురు. పట్టపగలు ఇట్టి పందెమును వీడియో తీయువానికి ఒక చిక్కు కలదు. తెల్లని ఒంగోలు ఎద్దు ఎండలో ధగధగ మెరయుచుండును. కెమేరాపై బిగించిన అయిదారంగుళముల మానిటరులో మాత్రము బొమ్మ మసకగా కనిపించును. బొమ్మకు వెలుగు చాలలేదని భ్రమపడి అతడు ఎపర్చరును మరికొంత తెరచును. ఇంటికి వచ్చి చూచుకొనగా ఎద్దు మూపురము, గంగడోలు ముడతలు, మెడమీది పట్టెడ అన్నియు సున్నము కొట్టినట్లు ఒకే తెలుపై యుండును. హద్దు మీరి నమోదైన తెలుపులోనుండి పోయిన వివరములను మరల రాబట్టుట సాధ్యము కాదు. పందెము మరల ఏడాదికి గాని రాదు.

ఈ చిక్కునకు మందుగా అంగడికి వచ్చిన కొత్త మానిటరులు ఒక సంఖ్యను పెద్ద అక్షరములతో చాటుచున్నవి: వెయ్యి నిట్లు, రెండువేల నిట్లు అని. చదరపు మీటరుకు ఒక కాండెలా చొప్పున వెలుగు తెర ప్రకాశము ఒక నిట్. ఆ సంఖ్యలో అబద్ధమేమియు లేదు. కాని ఎండలో దానినొక్కదానినే చూచి తెరను కొనుట, గింజల బరువు చూడక తట్ట పెద్దదని బేరమాడుట వంటిది.

లెక్క వేసి చూడవచ్చును. నడిమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. వీడియో తీయువాడు తెల్లచొక్కా తొడిగి ఎండలో నిలిచెననుకొనుడు. ఆ చొక్కా తనపై పడిన కాంతిలో నూటికి 80 పాళ్లు అన్నివైపులకు వెదజల్లినచో, లక్షను 0.8 తో హెచ్చవేసి 3.14 తో భాగింపగా దాని ప్రకాశము సుమారు 25,500 నిట్లు అగును. పూతలేని గాజు తనకు ఎదురుగా వచ్చిన కాంతిలో నూటికి 4 పాళ్లు అద్దమువలె త్రిప్పి పంపును. అనగా సుమారు 1,020 నిట్ల చొక్కా ప్రతిబింబము తెరమీద పరచుకొనును. తెర స్వంత వెలుగు 1,000 నిట్లైనచో, బొమ్మలోని మిక్కిలి తెల్లని చోటు 2,020 నిట్లు, మిక్కిలి నల్లని చోటు 1,020 నిట్లు. నలుపునకు తెలుపు రెండు రెట్లు మాత్రమే!

అదే మనిషి, కాంతిలో 5 పాళ్లు మాత్రమే వెదజల్లు నల్లచొక్కా తొడిగి వచ్చెనా, ప్రతిబింబము 64 నిట్లకు దిగును. తెలుపు నలుపుల నిష్పత్తి 16 దాటును. తెల్లచొక్కా విడువకయే ఈ ఫలితము కావలెనన్నచో తెర సుమారు 16,000 నిట్లు వెలుగవలసి యుండును. ఉపాధ్యాయులు ఒక సెల్‌ఫోనుతో, రెండు గుడ్డలతో పాఠశాల ఆవరణలోనే ఈ తేడాను చూపవచ్చును.

ప్రకాశమును పెంచుట ఎందుకంత కష్టమో తెర నిర్మాణమును బట్టి తెలియును. నేటి కెమేరా మానిటరులలో పెక్కింటిలో ఉన్నవి ద్రవస్ఫటికములు. వీని వింతను 1888లో రైనిట్జర్ మొదట గమనించెను. 1968లో అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థలో హైల్‌మైయర్ బృందము వీనితో చేసిన తెరను లోకమునకు చూపెను. ద్రవస్ఫటికము తానుగా వెలుగదు. వెనుకనున్న దీపపు కాంతిలో సగమును మొదటి ధ్రువకమే మ్రింగును; మిగిలినదానిలో మూడింట రెండువంతులు రంగుల వడపోతలో పోవును. తక్కిన నష్టములు కూడ పోగా, కడకు బయటపడునది సామాన్యముగా నూటికి 5 పాళ్లకు అటునిటు. ఆ లెక్కన 2,000 నిట్ల తెరకు వెనుక దీపము 40,000 నిట్లు వెలుగవలెను. అందులకు బాటరీ త్వరగా కరగును, పెట్టె కాగును. కొంత వేడిమి మించినచో ద్రవస్ఫటికము తన అమరిక కోల్పోయి మామూలు ద్రవమగును. అప్పుడు బొమ్మయే ఉండదు.

ప్రక్కనుండి చూచినప్పుడు రంగులు మారుట ఈ తెరల మరియొక లోపము. దీనిని తగ్గించిన పొరలలో కొన్ని, బిళ్లలవంటి అణువులు గల ద్రవస్ఫటికములతో చేసినవి. అట్టి ద్రవస్ఫటికములను 1977లో బెంగుళూరు రామన్ పరిశోధనాలయములో శివరామకృష్ణ చంద్రశేఖర్, ఆయన సహచరులు కనుగొనిరి. మన దక్షిణదేశపు వాటా ఇది, అంగడి ప్రకటనలలో కానరాదు.

1987లో కొడాక్ సంస్థలో టాంగ్, వాన్ స్లైక్ అనువారు వెల్లడించిన సేంద్రియ దీపముల నుండి ఓ.ఎల్.ఇ.డి. తెర పుట్టినది. ఇందులో ప్రతి చుక్కయు తానే వెలుగును, తానే ఆరును. కనుక చీకటి గదిలో దాని నలుపునకు సాటి లేదు. కాని ఎండలో ఆ నలుపును చొక్కా ప్రతిబింబము కప్పివేయును. పైగా కెమేరా తెరమీద గీతలు, అంకెలు గంటలకొలది ఒకేచోట నిలుచును. అచ్చటి చుక్కలు ముందుగా అరిగి మచ్చ మిగులును. అకర్బన సూక్ష్మదీపముల తెరకు ఈ బాధ తక్కువ. అయితే 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల తెరకు మూడు రంగులలో 62,20,800 దీపములు పొదుగవలెను. చిన్న తెరలలో ఇది ఇంకను సామాన్యము కాలేదు.

నిజముగా మెచ్చుకొనదగిన మార్పు మరియొకటి కలదు. పాత మానిటరులలో పైగాజునకు తెరకు నడుమ గాలి ఉండెడిది. ఆ సందున రెండు తలములు ప్రతిబింబమునకు తోడ్పడెడివి. ఇప్పుడు కొన్నింటిలో ఆ సందును పారదర్శకమైన జిగురుతో నింపి, పైన ప్రతిబింబనిరోధక పూత పూయుచున్నారు. గాజు త్రిప్పి పంపునది 4 పాళ్లనుండి 1 పాలునకు తగ్గినచో, 500 నిట్ల తెర కూడ ఎండలో పూతలేని 2,000 నిట్ల తెరతో సమానమగును. బాటరీపై భారమునకు బాటరీ తగ్గును. కొనువాడు అడుగవలసిన సంఖ్య ఇదియే, కాని పెట్టెమీద దానిని అచ్చువేయు అలవాటు అంతగా లేదు.

తెరమీది చారల గుర్తు, కాంతి పటము అనునవి కెమేరానుండి వచ్చు సంకేతమును కొలిచి చూపును. తెర వెలుగు వాని తీర్పును మార్చదు. ఎద్దు మూపురముపై చారలు కనిపించెనా, ఎపర్చరును మూయవలెను, బొమ్మ కంటికి ఎంత మసకగా ఉన్నను. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట దీపముల వెలుగులో తీయుచున్నప్పుడు ఈ పొరపాటే తలక్రిందులగును. రెండువేల నిట్ల తెరలో అంతయు వెలిగిపోవుచు కనిపించును, నమోదైనది మాత్రము చీకటి.