‘రైలుబడి’ మళ్ళీ చదివాక

‘రైలుబడి’ని డిగ్రీ రోజుల్లో చదివాను. అప్పుడు నచ్చినవి రైలుపెట్టెల్లో క్లాసులు. పోయిన నెల మళ్ళీ తీశాను, మా ఆరేళ్ళ దానితో వేగలేక. ఈసారి రైలుపెట్టెలు కనిపించనే లేదు. పెద్దవాళ్ళే కనిపించారు.

తెత్సుకో కురోయనగి 1981లో అచ్చువేసిన ఈ జ్ఞాపకాల్లో టొట్టోచాన్‌ని ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపేస్తారు. డెస్కు మూత అదేపనిగా తెరిచి మూయడం, కిటికీ దగ్గర నిలబడి వీధి వాయిద్యాలవాళ్ళను పిలవడం. చదివేవాళ్ళకి నవ్వొస్తుంది. క్లాసు నడపాల్సిన టీచరుకి రాదు. నాకూ ఈసారి ఆవిడ మీద కోపం రాలేదు.

కొత్త బడి తొమోయెలో హెడ్‌మాస్టర్ కొబయాషి ఆ పిల్ల కబుర్లు నాలుగు గంటలు విన్నాడని అందరూ చెప్పుకుంటారు. నన్ను పట్టుకున్న చోటు వేరే. పర్సు మరుగుదొడ్డిలో పడిపోతే టొట్టోచాన్ గుంటలోదంతా బయటికి తోడి గుట్ట పోస్తుంది. అటుగా వచ్చిన కొబయాషి ఏం చేస్తున్నావని అడిగి, అయ్యాక మళ్ళీ లోపల వేసేస్తావు కదా అని మాత్రం అంటాడు. వెళ్ళిపోతాడు. తిట్టడు, సాయమూ చెయ్యడు. పర్సు దొరకదు. పిల్ల మాత్రం తడిసిన మట్టితో సహా అంతా తిరిగి వేసేస్తుంది. పర్సు పోయిన బాధ ఆ పనిలోనే ఎక్కడో తీరిపోతుంది.

ఆయనకి కోపం రాదా అంటే, వస్తుంది. ఎదుగుదల ఆగిపోయిన తకహషిని సరదాకి తోక ఉందా అని అడిగిన టీచరుని గట్టిగా నిలదీస్తాడు. ఎక్కడ? వంటింట్లో. పిల్లల ముందు కాదు, తోటి టీచర్ల ముందూ కాదు.

నా పేచీ ఒకటుంది. ఇది ఆ పద్ధతి ఫలించిన పిల్ల పెద్దయ్యాక రాసుకున్న పుస్తకం. ఆ గుట్టను చూసిన రోజు కొబయాషి ఇంటికెళ్ళి ఎంత నీరసపడ్డాడో ఇందులో ఉండదు. నాకు కావలసింది అదే.

మొన్న మా పాప టిఫిన్ బాక్సు గోడకేసి కొట్టింది. నువ్వు నిజానికి మంచి పిల్లవని కొబయాషి టొట్టోచాన్‌తో ఎప్పుడూ అనే మాట నేనూ ప్రయోగించాను. “అలా మాట్లాడకు. మామూలుగా మాట్లాడు!” అని అరిచింది. దొరికిపోయాను. ఇంకేం తోచక తడిగుడ్డ చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. ఏడుస్తూనే సగం గోడ తుడిచింది. మిగతా సగం మీద సాంబారు ఇంకా అలాగే ఉంది.