దీప్తి పరుగులోని పనితనం

400 మీటర్ల పరుగు చూసేవాళ్లు చివరి వంద మీటర్లకు లేచి నిలబడతారు. పరుగు తెలిసినవాళ్లు మొదటి వంపు నుంచే కన్ను తిప్పరు. సత్తువంతా ముందే ఖర్చయిపోతే ఆఖర్న కాళ్లు బిగుసుకుపోతాయి. మరీ దాచుకుంటే తర్వాత ఎంత ఉరికినా అందదు. ఎవరి లేన్ వాళ్లది, బయలుదేరే చోట్లూ వేర్వేరు. పక్కవాళ్లను చూసి లెక్కకట్టడం కష్టం.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో కూలి చేసుకుని బతికిన దంపతుల బిడ్డ జీవాంజి దీప్తి. ఈ పరుగులో ఆమె పోటీపడేది మేధోవైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగమైన టీ20లో. వేగాన్ని అంచనా కట్టడం, సత్తువను దూరానికి తగ్గట్టు పంచుకోవడం ఈ విభాగంలో చాలామందికి కష్టం. ఈ పరుగుకు ప్రాణమూ అదే! ద్రోణాచార్య గ్రహీత నాగపురి రమేశ్ శిక్షణలో ఆ లెక్క దీప్తి అడుగులకే అలవాటైంది. నేను ముందుగా మొక్కేది ఆ పనితనానికి.

ఈ విభాగంలోకి రావడమే పెద్ద పరీక్ష. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు వైకల్యం లేనివాళ్లతో ఆడి పట్టుబడ్డాక మేధోవైకల్య విభాగాలను ఎత్తేశారు. అవి తిరిగి వచ్చింది 2012 లండన్‌లోనే. అందుకే పరీక్షలు అంత కఠినం. దీప్తికి సికింద్రాబాద్‌లోని మేధోవైకల్యాల జాతీయ సంస్థలో పరీక్షలు జరిగాయి, ఆపైన అంతర్జాతీయ వర్గీకరణ. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ అండ కూడా తోడైంది. ఆ తర్వాత భారత పారాలింపిక్ కమిటీ జట్టులో ఆమె ప్రపంచ వేదికలెక్కింది.

2024 మేలో జపాన్‌లోని కోబె ప్రపంచ పోటీల్లో 55.07 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. రెండో స్థానంలోని టర్కీ అమ్మాయి ఐసెల్ ఒండర్ వెనకబడింది మీటరు లోపే. సెప్టెంబరులో ప్యారిస్‌లో 55.82తో కాంస్యం. పారాలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి మేధోవైకల్య భారత అథ్లెట్ ఆమే. అక్కడ స్వర్ణానికి 55.16 సరిపోయింది, కోబె పరుగే మళ్లీ పరుగెత్తి ఉంటే స్వర్ణం దీప్తిదే. ఆ మాట తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది, కానీ ఆ కాంస్యం విలువ నా దృష్టిలో రవ్వంతైనా తగ్గదు. 2025లో న్యూఢిల్లీ ప్రపంచ పోటీల్లో 55.16తో రజతం. మూడు దేశాలు, మూడు పెద్ద ఫైనల్స్. అన్నిటికన్నా వేగమైన పరుగుకూ, నెమ్మదైనదానికీ మధ్య తేడా ముప్పావు సెకను.