తోట వైకుంఠం బొమ్మలు, మా నాయనమ్మ ప్రశ్న

మా తెలుగు సార్ తరగతికి తోట వైకుంఠం గారి బొమ్మల పుస్తకం తెచ్చారు. అసలు చిత్రాలు నేను చూడలేదు, అచ్చులో చూసినవే. ఒక్క రోజుకని అడిగి పుస్తకం ఇంటికి తీసుకెళ్లాను.

నాయనమ్మ అద్దాలు పెట్టుకుని ఒక బొమ్మను చాలాసేపు చూసింది. "గీమె అచ్చం మా అవ్వ లెక్కనే ఉన్నది బిడ్డా" అంది. కాసేపాగి, "గని గిన్ని సొమ్ములు యాడియి? నాట్లేసే మనిషి గిట్లుంటదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వైకుంఠం గారు 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర చదువుకున్నారు. ఆయన గీసే ఆడవాళ్లు నల్లగా, నిండుగా ఉంటారు. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, ముదురు రంగు చీర, ఒక్కోసారి పక్కన చిలుక. వెనక ఇల్లూ చెట్టూ ఉండవు, ఉత్త రంగే. టీవీ ప్రకటనల్లో తెల్లటి ముఖాలే చూసే నాకు నల్లటి ముఖాన్ని ఇంత దర్జాగా చూపడం బాగా నచ్చింది. తన తల్లే తనకు స్ఫూర్తి అని ఆయన చెప్పారు. చిన్నపిల్లవాడు తల్లిని చూసినట్టే ఉంటాయి ఆ బొమ్మలు.

అయినా నాయనమ్మ మాటా నిజమే. నేను చూసిన బొమ్మల్లో చేతులకు గాజులున్నాయి, మట్టి లేదు. ఒకరి ముఖానికీ ఇంకొకరి ముఖానికీ తేడా తక్కువ. ఆయనకు ఆ కష్టం తెలియదా అంటే, తెలుసు. 1988లో వచ్చిన బి. నర్సింగరావు గారి 'దాసి' సినిమాకు కళా దర్శకుడు ఆయనే. అందుకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. దొర గడీలో వెట్టిచాకిరీ చేసే ఆడమనిషి కథ అది. సినిమాలో ఉన్న చాకిరీ బొమ్మల్లోకి ఎందుకు రాలేదని సార్‌తో వాదించాను. "పండగనాడు గీశారనుకో. రోజూ పనిలోనే గీయాలా?" అన్నారు సార్. నేను సగమే ఒప్పుకున్నాను.

మా వాళ్లు కాజీపేట లైను బండెక్కి బొగ్గుగనుల పనికి చంద్రపూర్ వచ్చారు. నాయనమ్మ వాళ్ల అవ్వ ఫోటో మా ఇంట్లో లేదు, అసలు తీయించనే లేదట. బయట మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడే నాకు ఆమె ముఖం తెలిసింది ఈ పుస్తకంలోనే, అదీ సొమ్ములతో.

వైకుంఠం గారు బొగ్గుతో కూడా బొమ్మలు గీశారు (మా గనుల బొగ్గు కాదు, కట్టెబొగ్గు). నేను పెన్సిలుతో ఆ బొమ్మ చూసి గీశాను. హారం వేయబోతే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బొట్టు ఉంచు. పుస్తెలతాడు ఒక్కటే ఎయ్యి. ముక్కు జర వెడల్పుండె."

ముక్కు మూడుసార్లు చెరిపాను. ఇంకా కుదరలేదు.