కృతజ్ఞతలో కలిసిన నిష్ఠూరము

క్రైస్తవ పాఠశాలలో చదివిన విద్యార్థి పెద్దవాడై తన చదువునుగూర్చి వ్రాసినప్పుడు మనము ఆ వ్రాతలో మొదట మెప్పును వెదకుదుము. మెప్పు దొరికినచో దానిని పాఠశాల వార్షికోత్సవములో చదివి వినిపింతుము. నిష్ఠూరము దొరికినచో పుస్తకము మూసివేయుదుము. రెండును ఒకే వ్రాతలో నున్నయెడల ఏమి చేయవలెను? డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తన సత్యాన్వేషణనుగూర్చి ఇంగ్లీషున వ్రాయగా 1937లో అచ్చయిన వ్యాసము మన యెదుట ఈ ప్రశ్ననే ఉంచుచున్నది.

ఆయన 1888లో తిరుత్తణిలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. కలిగిన ఇల్లు కాదు. విద్యార్థివేతనముల సహాయముతో చదువు సాగినది. తిరుపతిలో లూథరన్ మిషను పాఠశాల, వేలూరులో వూరీస్ కళాశాల, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాల, ఇవి ఆయనను పెంచిన విద్యాలయములు. అట్లు చదివిన బాలుడు తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరై, ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడై, 1962 మొదలు 1967 వరకు మన దేశమునకు రాష్ట్రపతియై యుండెను. ఆయన పుట్టినదినమైన సెప్టెంబరు 5ను నేటికిని ఉపాధ్యాయ దినముగా జరుపుకొనుచున్నాము.

ఆ వ్యాసములో ఆయన దాచక చెప్పిన సంగతులు రెండు. మొదటిది గాయము. వివేకానందుని మాటలవలన తన మతమునుగూర్చి అభిమానము మేలుకొన్న యౌవనుడు, మిషను విద్యాలయములలో ఆ మతమును చులకన చేయుట చూచి మిక్కిలి నొచ్చుకొనెను. రెండవది మేలు. ఆ విమర్శలే ఆయనను తన పెద్దల గ్రంథముల యొద్దకు త్రోసినవి. వాటిలో బ్రతికియున్నదేది, చచ్చినదేది అని తరచి చూడుమని పురికొల్పినవి. తాతలనాటి నమ్మకము కదిలిపోగా ఆలోచన పుట్టినదని ఆయన ఒప్పుకొనిరి. నొప్పించిన చేతికే నమస్కరించుట సులభము కాదు. ఈ వ్యాసమునకు విలువ తెచ్చినది ఆ నిజాయితీయే.

ఇందు ఒక గురువుయొక్క పేరు మనము మరువరానిది. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్వశాస్త్రము బోధించిన ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్ గారు. వేదాంతములో నీతికి చోటు లేదను ఆక్షేపణకు జవాబుగా రాధాకృష్ణన్ గారు తన ఎం.ఏ. పరీక్షకు ఒక సిద్ధాంతవ్యాసము వ్రాసిరి. అది 1908లో అచ్చయినది. ఇది చూచి మిషనరీయైన గురువు కోపగించునేమోయని శిష్యుడు భయపడెను. అయితే హాగ్ గారు దానిని చాల మంచి పనియని మెచ్చుకొని యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చిరి. హాగ్ గారు తన విశ్వాసమునుగూర్చి మెత్తబడినవారు కారు. మరుసటి యేటనే కర్మమును విమోచనమును పోల్చి ఒక గ్రంథము ప్రకటించిరి. అయినను తన్ను ఎదిరించిన వ్రాతలోని శ్రమకు న్యాయమైన మార్కు వేసిరి.

ఈ వ్యాసములో ఒక కొదువయు కలదు. "మిషను సంస్థలు" అని ఒక్క మాటతో చెప్పినప్పుడు, పరిహసించిన ఉపాధ్యాయుడును హాగ్ గారివంటి ఉపాధ్యాయుడును ఒకే గంపలో పడుదురు. వారిని వేరుచేయు పని చదువరిదే. మరియొకటి. తరతరములుగా గ్రంథములున్న కులములో పుట్టినవానికి మిషను పాఠశాల నమ్మకమును కదిలించిన చోటు. మన పల్లెలలో అంటరానివారని బడి గడప తొక్కనీయబడని అనేకుల బిడ్డలకో, అది పలకమీద మొదటి అక్షరము దిద్దిన చోటు. ఆ కథ ఈ వ్యాసములో దొరకదు. దానిని మన ఇండ్లలోని ముసలివారు బ్రతికియుండగానే అడిగి వ్రాసికొనవలెను.

ప్రియ చదువరులారా, రాధాకృష్ణన్ గారు క్రైస్తవుడు కాలేదు గనుక ఆ చదువు వ్యర్థమాయెనని కొందరు తలంచవచ్చును. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో తిరిగివచ్చి కృతజ్ఞత చెల్లించినవాడు ఒక్కడే, వాడు సమరయుడు. అన్యుడని ప్రభువు వాని కృతజ్ఞతను త్రోసివేయలేదు. మనమును త్రోసివేయరాదు. అయితే రాధాకృష్ణన్ గారి కృతజ్ఞతతోకూడ వచ్చిన నిష్ఠూరమును సయితము అందుకొనవలెను. నేడు మన పాఠశాలల బల్లలమీద అన్ని మతముల బిడ్డలును కూర్చుండుచున్నారు. వారి ఇంటి దేవునిగూర్చి ఉపాధ్యాయుడు పలికిన ఒక ఎగతాళి మాట ముప్పది యేండ్లు మనస్సులో నిలుచును. న్యాయముగా దిద్దిన ఒక పరీక్షపత్రమును అంతకాలము నిలుచును. మన బిడ్డలు, పొరుగువారి బిడ్డలు రేపు ఈ రెంటిలో దేనిని తలంచుకొందురో, అది ఈ దినమున తరగతిలో మనము పలుకు మాటలనుబట్టి యుండును.