డాక్ మార్చాలా, వద్దా

ఒక డాక్‌ను, అంటే డిజిటల్ పాటను స్పీకర్లకు పనికొచ్చే సంకేతంగా మార్చే పెట్టెను, పరీక్షించడానికి పన్నెండు మెట్ల కిన్నెర కంటే మంచి వాద్యం నాకు తెలియదు. 2022లో పద్మశ్రీ అందుకున్న మన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య తీగ మీటితే, ముందు వేలి దెబ్బ టక్కున పడుతుంది. వెంటనే సొరకాయ బుర్రల్లోంచి గుమ్మని మోత లేచి మెల్లగా సన్నగిల్లుతుంది. కొల్లాపూర్‌లో ఇంట్లో మంచి స్పీకర్లు పెట్టుకున్న మిత్రులు, ఈ రెండూ ఇంకా తేటగా వినిపించాలంటే డాక్ మార్చాలా అని అడుగుతుంటారు. జవాబు ఆ చిన్న పెట్టె లోపలే ఉంది.

సీడీ స్థాయి పాట అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసిన అంకెలు, రెండు చెవులకూ విడివిడిగా. ఒక్కో అంకెకు 16 బిట్లు, అంటే 65,536 స్థాయిలు. ఆ అంకెల్ని మళ్లీ వోల్టేజీగా మార్చడమే డాక్ పని.

పాత పద్ధతిలో ఇది రెసిస్టర్ల నిచ్చెన. అందులో వాడేవి రెండే విలువలు: ఒకటి, దానికి రెట్టింపు మరొకటి. బిట్టుకొక మెట్టు, మెట్టుకొక స్విచ్చు. పై మెట్టు ఇచ్చే వోల్టేజీలో సగం దాని కింది మెట్టు ఇస్తుంది, అందులో సగం ఆ కిందిది. ఏర్పాటు ఎంత సులువో, అమలు అంత కష్టం. పై మెట్టు బరువు అట్టడుగు మెట్టుకు 32,768 రెట్లు. పైన లక్షలో మూడు వంతుల తేడా వచ్చినా చాలు, ఆ పొరపాటు అట్టడుగు మెట్టంత అవుతుంది.

ఫిలిప్స్ ఇంజనీర్లు సీడీ ప్లేయర్ తొలినాళ్లలో దీనికి కనుక్కున్న ఉపాయం నాకు ఎప్పటికీ ముచ్చటే. సీడీలో 16 బిట్లు, వాళ్ల టీడీఏ1540 చిప్పుకు 14 బిట్లే. అందుకని ఉన్న అంకెల మధ్య కొత్తవి లెక్కగట్టి, వేగాన్ని నాలుగింతలు చేసి సెకనుకు 1,76,400కు పెంచారు. ఒక అంకెను 14 బిట్లకు కుదించినప్పుడు మిగిలిపోయిన తేడాను తర్వాతి అంకెలో కలిపారు, కిరాణ దుకాణంలో చిల్లర లేక మిగిలిన రూపాయిని తర్వాతి బిల్లులో సర్దినట్టు. తేడా మాయం కాలేదు. చాలావరకు చెవికి అందని పై శ్రుతుల్లోకి తరలింది, అక్కడ ఫిల్టర్ దాన్ని ఆపేసింది. 14 బిట్ల చిప్పు దాదాపు 16 బిట్ల పని చేసింది. ఈనాటి డెల్టా-సిగ్మా చిప్పులు ఈ దారిలోనే చాలా ముందుకు వెళ్లాయి: స్థాయిలు కొన్నే, మారే వేగం సెకనుకు లక్షలసార్లు.

చివరి అంగం ఫిల్టర్. డాక్ నుంచి మెట్లుమెట్లుగా ఉన్న తరంగమే బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 22,050 హెర్ట్జ్‌కు పైనున్నదంతా తీసేస్తే కొలిచిన అంకెల చుక్కలన్నిటి గుండా వెళ్లే నునుపు గీత ఒక్కటే మిగులుతుందని గణిత శాస్త్రవేత్త షానన్ 1949లోనే వివరించాడు. అందుకే రెండు చుక్కల మధ్య పడిన వేలి దెబ్బ కూడా దాని సమయానికే వినిపిస్తుంది.

అతి గట్టి, అతి మెల్లని శబ్దాల మధ్య 16 బిట్లు సుమారు 96 డెసిబెల్స్ విస్తృతి ఇస్తాయి. తిరిగే సీలింగు ఫ్యాను చప్పుడే అందులో కింది భాగాన్ని మింగేస్తుంది. కాబట్టి సరిగ్గా తయారైన చవక డాక్ కూడా మన గదుల అవసరాన్ని దాటే ఉంటుంది. కంప్యూటర్ నుంచి గుయ్‌మనే రొద వస్తున్నా, యాంప్లిఫయర్‌కు చాలినంత వోల్టేజీ రాకపోయినా, కావలసిన సాకెట్ లేకపోయినా మార్చండి. రొద ఒక్కటే బాధయితే ముందు ఆప్టికల్ కేబుల్ ప్రయత్నించండి. అందులో కరెంటు తీగ ఉండదు కాబట్టి కంప్యూటర్ రొద దాని గుండా దాటి రాదు.

రెండు డాక్‌లను పోల్చాలంటే ముందు శబ్దం సమం చెయ్యాలి, ఎందుకంటే కొంచెం గట్టిగా వినిపించేదే మేలైనదిగా తోస్తుంది. 100 హెర్ట్జ్ స్వరం పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులు చూసి, తేడా ఒక శాతం లోపుకు తెచ్చుకోండి. తర్వాత ఏది మోగుతోందో చెప్పకుండా ఇంకెవరినైనా మార్చమనండి. తేడా పట్టుకోలేకపోతే ఆ డబ్బు మిగుల్చుకుని, స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపి, షాబాద్ బండల మీద మందపాటి జంపఖానా పరచి చూడండి.